సంతకానికి ముందు లెక్క

"కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతారు, రెండు లక్షలిస్తాం, సంతకం పెట్టండి." రోడ్డు ప్రమాదంలో కాలు దెబ్బతిన్న కూలీ ఇంటికి ఇలాంటి మాట త్వరగానే వస్తుంది. రాజీ తప్పు కాదు. అది న్యాయమో కాదో తేల్చాల్సింది మాత్రం ఇంట్లో ఇవాళ్టి అవసరం కాదు, లెక్క.

28 ఏళ్ల తాపీ మేస్త్రీ నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. సంపాదించే శక్తి 40 శాతం తగ్గితే ఏడాదికి నష్టం 72,000. రెండు లక్షలు మూడేళ్ల నష్టానికి కూడా చాలవు. సరళా వర్మ కేసులో (2009) సుప్రీంకోర్టు ఆ వయసుకు ఖాయం చేసిన గుణకం 17. అంటే 12,24,000. వైద్య ఖర్చులు, పడిన బాధకు పరిహారం అదనం. డాక్టరు రాసే వైకల్య శాతం వేరు, పోయిన సంపాదన శాతం వేరు. అదే కాలి దెబ్బ గుమాస్తా కంటే మేస్త్రీని ఎక్కువ కుంగదీస్తుంది.

గాయం ఎంతవరకు మానుతుందో తెలియకముందే సంతకం వద్దు. అయితే 2019 సవరణ ప్రకారం ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. రాజీ మాటల్లో ఆ గడువు జారిపోనివ్వకండి. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే తర్వాత అప్పీలు ఉండదు. మహిళలకు, వికలాంగులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయం చూడకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

యువతీ యువకులారా, మన పెద్దలు చాలామందికి కన్నడమో తమిళమో మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆ కాగితం చదివి, లెక్క వేసి చెప్పడానికి మీరు పక్కన ఉండండి.