బాపు మౌనంగా లేడు

నాన్న విలువ పిల్లలకు ఆలస్యంగా తెలుస్తుందని చెప్పే తెలుగు కవితల సారం దాదాపు ఒకటే. నాన్న ప్రేమను పైకి చూపలేదు, అన్నీ మౌనంగా భరించాడు, ఆయన పోయాక గానీ కొడుక్కి తెలిసిరాలేదు. వాటిని మెచ్చుకునేవాళ్లు మరో మాటా కలుపుతారు: తెలుగువాళ్లు అమ్మను పాడుకున్నారు గానీ నాన్నను మరిచిపోయారని. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాన్ని చూస్తే ఈ రెండు మాటలూ తప్పే.

ఇక్కడి ఇళ్లలో తండ్రి బాపు, నాయిన, లేదా అయ్య. గోదావరిఖనిలో బొగ్గుబాయి నుంచి నైట్ షిఫ్ట్ దిగొచ్చిన బాపు పగలు పడుకుంటాడు. చప్పుడు చేయొద్దని అమ్మ పిల్లలను బయటికి పంపుతుంది. జగిత్యాల నుంచి దుబాయ్ పోయిన బాపు సెలవు దొరికితేనే ఇంటికొస్తాడు. ఈ మౌనాన్ని తండ్రి స్వభావమనడం అన్యాయం. ఆయన మాటను తిన్నది పని.

చనిపోయాక ఆ మాటను వెతికి పట్టుకునే పద్ధతి ఈ పల్లెల్లో ఉంది. దినాలకు పిట్టకు పెడతారు. అన్నం, మాంసం, కల్లు, అలవాటుంటే బీడీలు కూడా ఆకు దగ్గర పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ దూరంగా నిలబడతారు. ఆకులో ఏం పెట్టాలో తేల్చాలంటే ఆయనకేది ఇష్టమో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. కాకి ముట్టకపోతే ఆయన మనసులో ఏం మిగిలిపోయిందోనని ఆరా మొదలవుతుంది. పశ్చాత్తాప కవితలు ఇంత దగ్గరి ప్రశ్న ఎన్నడూ అడగలేదు. బుడగ జంగాలైతే చనిపోయిన మనిషి బతుకును కథగా అల్లి, బిడ్డల పేర్లు పెట్టి, అందరి ముందూ పాడతారు. నాన్నను పాడుకోలేదన్నవాళ్లు ఈ పాటను కవిత్వంగా లెక్కేయలేదంతే.

సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి తీయగా 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా నిలబడింది ఈ పద్ధతి మీదే. కొమురయ్య చనిపోతాడు, పిట్ట ముట్టదు. మాంసంలోని నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన కొట్లాటతో ఆయన బిడ్డ ఏళ్ల తరబడి పుట్టింటికి దూరమైంది. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట ఆ ఇంటివాళ్లందరినీ కదిలిస్తుంది.

పిట్టకు పెట్టడం ఊరి మాటకు భయపడి చేసే తంతని కొందరంటారు. ఆ భయం నిజమే. కానీ పశ్చాత్తాప కవితలో కొడుకు ఒంటరిగా ఏడుస్తాడు, మంచివాడనిపించుకుంటాడు, తండ్రి కోరిందేమిటో మాత్రం పాఠకుడికి తెలియదు. దినాల పాట ముందు కూర్చున్న కొడుక్కి ఆ వీలు లేదు. కొమురయ్య కొడుకులు చేయాల్సిన పని స్పష్టంగా ఉంది: పక్కనే ఉన్న తోబుట్టువును దగ్గరికి తీసుకోవడం. ‘బలగం’ వచ్చిన ఏడాది తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఈ సినిమా వేసుకున్నారు. ఊరు ఊరంతా నేల మీద కూర్చుని చూసింది.