ఇటలీక్రియలకు మన గురులఘువులు



బెంజిసర్కిలు దాపున మా మేడమీద కాపురమున్నవారి యమ్మాయి పైచదువునకై ఇటలీ పోవ నుద్యమించి, ఆ భాష నేర్చుకొనుచున్నది. గడచిన మాసమున నొక సాయంకాలము కన్నీళ్ళతో దిగివచ్చి, "పిన్నిగారూ, వచ్చేవారం నోటిపరీక్ష. నోరు తెరిస్తే తప్పే. నేనిక వెళ్ళను" అన్నది. నే నెరిగినది మా తండ్రిగా రింట చెప్పిన ఛందస్సు మాత్రమే. అయినను పుస్తకము దెమ్మంటిని.

మన భాషను తూర్పుదేశపు ఇటాలియన్ అందురు. పదము లచ్చులతో ముగియుటయే యా మాటకు మూలము. అంతకంటె లోతైన పోలిక క్రియలయందు నాకు కనబడినది.

ఊనిక గల యచ్చును గుర్తునకై దీర్ఘముగా వ్రాయుచున్నాను. "పర్లారె" యనగా మాటలాడుట. "పార్లొ" నేను మాటలాడుదును. "పర్ల్యామొ" మనము మాటలాడుదుము. ఇటలీపదములలో పెక్కింటికి చివరినుండి రెండవ యక్షరముపై ఊనిక యుండును. ఆ వాడుకను బట్టియే పిల్ల, వారు మాటలాడుదురు అనుటకు "పర్లానొ" యనుచుండెను. సరియైనది "పార్లనొ". "నేను" రూపమున ఊనిక యెచట నున్నదో "వారు" రూపమునను అచటనే నిలుచును. నివసించుటకు "ఆబితొ", "ఆబితనొ": ఊనిక చివరినుండి నాల్గవ యక్షరమునకు పోయినది! తప్పినచో నవ్వులాటతో పోదు. "పార్లొ"ను "పర్లో" యన్నచో "అతడు మాటలాడెను" అని యర్థము మారును.

ఇక విభాగము. "కాదె" పడును, "కద్దె" పడెను. వారు కద్-దె యని విరుతురు. మనము "వచ్చెను" అని వ్రాయునపుడు చ్చె యొక్క యక్షరమే. కాని గణము కట్టునపుడు "వ" గురువగుటచే భగణ మగుచున్నది. చేతివ్రాత దాచినదానిని చెవి యెరుగును. ఇది చెప్పగనే పిల్ల ముఖము వికసించినది. జంటహల్లుల పదము లన్నియు తానే విరిచినది.

అయితే గురువును ఊనికయు నొకటి కావు. మనది కాలపు కొలత, వారిది గొంతు బలము. "అబితనొ" మన లెక్కకు నాలుగు లఘువుల నలమే. ఊనిక యెచటనో గణము చెప్పజాలదు. అందుకు చిక్కుడుకాయలు వలుచుచు, ఊనిక వచ్చినప్పుడెల్ల పళ్ళెముపై వ్రేలితో కొట్టుమంటిని. మొదట "నేను" రూపము, వెంటనే "వారు" రూపము. కూర తరుగుట ముగియునప్పటికి పది క్రియలు కుదిరినవి.

ఇప్పుడు "తెలేఫొననొ" పట్టుకొన్నది. వారు టెలిఫోను చేయుదురు అని యర్థము. "లే"పై మెట్టునకొక దెబ్బ కొట్టుచు మేడ యెక్కుచున్నది.