మునుగువారి మాట

గోదావరి కాలువనీటి పంట తిని పెరిగినవారము మనము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు ఆ నది మన డెల్టాకు చేసిన మేలు ఇంతింతనరాదు. కాటన్ దొర విగ్రహమునకు నేటికిని మన రైతులు దండలు వేయుచున్నారు. కావున పోలవరము ప్రాజెక్టును గూర్చి ఎవరైన సందేహము పలికినచో మనకది కృతఘ్నతవలె తోచును. ఆనకట్ట వలదని మేమనుట లేదు. దానికి అనుమతి లభించిన తీరును గూర్చియే మా ఆక్షేపణ.

నదిపై పెద్ద పని తలపెట్టినప్పుడు అడవికిని, నీటికిని, జనులకును ఏమి సంభవించునో ముందుగా విచారించి, కేంద్ర ప్రభుత్వపు అనుమతి పొందవలెనని 1994లో ఒక ప్రకటన వెలువడెను. 1997లో దానికి బహిరంగ విచారణ చేర్చబడెను. 2006 నాటి క్రొత్త ప్రకటన ననుసరించి 50 మెగావాట్లును అంతకు మించినవియునగు జలవిద్యుత్ పథకములు కేంద్రపు పరిశీలనకే పోవలెను. కట్టదలచినవారు నివేదిక వ్రాయింపవలెను. దాని సారాంశము స్థానిక భాషలో నుండవలెను. సభకు ముప్పది దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. కలెక్టరుగాని, ఆయన నియమించిన అధికారిగాని అధ్యక్షత వహింపవలెను. సభాంతమున జనులు చెప్పిన మాటల సంగ్రహమును వారి భాషలోనే చదివి వినిపింపవలెను. ఆ మీదట నిపుణుల సంఘము నివేదికను పరిశీలించును.

ఏర్పాటు చక్కనిదే. కాని ఒక సంగతి మాకు మింగుడుపడదు. నివేదిక వ్రాయు సంస్థను కుదుర్చుకొని రుసుము చెల్లించువారు కట్టదలచినవారే. బాలుడు తన పరీక్షకుని తానే వెదకి తెచ్చుకొని జీతమిచ్చినచో మార్కులెట్లుండునో మా విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. కనుకనే బహిరంగ సభ ముఖ్యము. ఆ సభలో మాటలాడువాడు ఎవరి జీతగాడును కాడు.

పోలవరమున జరిగినదేమి? అది 960 మెగావాట్ల విద్యుత్తును, విస్తారమైన సాగునీటిని ఉద్దేశించిన పథకము. దాని వెనుకనీరు మన భూములనే గాక, శబరి, సీలేరు నదుల వెంట ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల భూములను గూడ తాకును. 2005 అక్టోబరు 10వ తేదీన ఐదు జిల్లాలలో విచారణ సభలు జరిగెను. ఆ ఐదును నాటి ఆంధ్రప్రదేశ్‌లోనివే. అదే నెల 25వ తేదీన అనుమతి వచ్చెను. నడుమ పదునైదు దినములు! అర్ధసంవత్సర పరీక్షల కాగితములు దిద్దుటకే మాకంతకాలము పట్టుచున్నది.

ఎగువ రాష్ట్రములలో సభయే జరుగలేదు. 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఈ లోపమునే చూపి అనుమతిని కొట్టివేయగా, హైకోర్టు ఆ ఉత్తరువును నిలిపివేసెను, పని సాగెను. ఆనకట్ట విడువవలసిన వరద లెక్క 36 లక్షల క్యూసెక్కులనుండి 50 లక్షలకు పెరిగెను. 2011లో కేంద్ర పర్యావరణ శాఖయే పని నిలుపుమనెను. పిమ్మట ఆ ఉత్తరువును మాటిమాటికి గడువు పెంచుచు పక్కన నుంచిరి.

నష్టపరిహార మిచ్చుచున్నారు గదా, ఇంకేమి కావలెనని కొందరందురు. రాజుల మొదటి గ్రంథములో నాబోతు కథను మా బాలబాలికలు చదివియే యున్నారు. అహాబు రాజు అతనికి అంతకంటె మంచి ద్రాక్షతోట నిత్తుననెను, లేదా వెల నిత్తుననెను. భూమికి భూమి, కాదన్నచో రొక్కము! పిమ్మట జరిగినదియు క్రమము తప్పని విచారణయే: రాజముద్రగల తాకీదులు వెళ్లెను, ఉపవాసదినము చాటిరి, సభ కూడెను, ఇద్దరు సాక్షులు పలికిరి. కాగితములలో లోపమేమియు లేదు. పోలవరము అధికారులు అహాబులని మా భావము కాదు. తాకీదులు సరిగానున్నంత మాత్రమున న్యాయము జరిగినట్లు కాదనియే మా మనవి. పోలవరము విషయమున ఆ తాకీదులు సైతము సరిగా లేవు.

కొండరెడ్లు, కోయలు సభలో చెప్పగలదేమని తలచువారును గలరు. వరద ఏ గట్టువరకు వచ్చునో ఇంజనీరు లెక్క కట్టును; ఏటియొడ్డున పుట్టి పెరిగిన వృద్ధుడు దానిని కన్నులార చూచియున్నాడు. ఎకరమునకు ఎకరము కొలిచి యియ్యవచ్చును. వెదురుపొద, ఇప్పచెట్టు, ఏటిచేప, పెద్దల సమాధులు ఏ పట్టికలో నెక్కును? ఇవి కొలతలో చేరనిదే కొలత పూర్తికాదు. సభ పెట్టుట వారిపై దయచూపుట కాదు, విచారణలో సగభాగము.

సీలేరు ప్రాంతమున మరికొన్ని పథకములు తలపెట్టియున్నారు. ఏ పథకమునకైనను సభ ప్రకటించినప్పుడు నివేదిక ప్రతిని కలెక్టరు కార్యాలయములోను, జిల్లా పరిషత్తు కార్యాలయములోను ఉంచవలెనని నిబంధన. సంబంధముగలవారు వ్రాతమూలముగా గూడ అభిప్రాయము పంపవచ్చును. ఆ వెలుగు మన యిండ్లకే వచ్చును గనుక మనకును సంబంధము గలదు. మా సాహితీ సమితి విద్యార్థులకు మేము చెప్పియుంచితిమి: ఈసారి ప్రకటన వెలువడిన వారములోనే ఇద్దరు పోయి ఆ తెలుగు సారాంశమును తేవలెను; శనివారపు సమావేశమున దానిని మొదటినుండి తుదివరకు చదువుదము. అర్థముకాని తెలుగుండినచో ఆ సంగతియే మొదట వ్రాసి పంపుదము.