పాట ఆమెది... మీట ఎవరిది?

చూపులేని ఆడపిల్ల ఇంట్లో ఉంటే పెద్దవాళ్లు ముందుగా ఆలోచించేది సంగీతం గురించే. మంచిదే. ఆ పిల్ల బాగా పాడితే వినాయక చవితి పందిట్లో పాడిస్తాం, చప్పట్లు కొడతాం, శాలువా కప్పుతాం. ఆ పాటతో ఆమె నాలుగు రాళ్లు ఎలా సంపాదించుకుంటుందన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఎవరం నోరు మెదపం.

ఇప్పుడు పాట తయారయ్యేది కంప్యూటర్లో. గొంతు ఒక ట్రాకు, తబలా ఒక ట్రాకు, వయొలిన్ ఇంకో ట్రాకు. అన్నింటి హెచ్చుతగ్గులు సరిచేసి కలిపితే పాట అవుతుంది. సీరియల్ పాటకీ, దుకాణం ప్రకటనకీ, భక్తి గీతాలకీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ఒక చిన్న గది, కంప్యూటర్, మైకు, కీబోర్డు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు బస్సులు మారి, తోడు వచ్చేవాళ్ల కోసం కాచుకుని స్టూడియోకి వెళ్లాల్సిన అమ్మాయికి ఇది ఎంత వెసులుబాటో చెప్పనక్కర్లేదు.

మా మాదన్నపేటలో అలాంటి అమ్మాయి ఒకతె ఉంది. డిగ్రీ చదివింది. కూరగాయల మండీ గోలలో కూడా ఏ బండి హారన్ ఏ శ్రుతిలో మోగిందో చెప్పగలదు. రికార్డింగ్ నేర్చుకుంటానని ఒక శిక్షణ సంస్థకి వెళ్తే, "నువ్వు పాడమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అని పంపేశారట. వాళ్లమ్మ కూడా నాతో అదే మాట అంది. "పాడితే సాలదా అక్కా? ఆ మిషన్లతోని దానికేం పని?" ఆ తల్లి భయం ఆమెది, కాదనను. కానీ పక్కనే కూర్చున్న పిల్ల ఊరుకోలేదు. "నా పాట ఎట్లొచ్చిందో నేనే సూసుకోవాలె గద ఆంటీ. చెవులైతే ఉన్నయి గద!" అంది.

నిజమే కదా! సంగీతానికి కావలసింది చెవులు, వేళ్లు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు బాగా మందం. అయినా వయొలిన్‌లో ఆయనంతటివారు లేరనిపించుకున్నారు, 1936లో విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. మనందరం ఆదివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చుని చూసిన 1987 నాటి 'రామాయణ్' సీరియల్‌కి సంగీతం కూర్చిన రవీంద్ర జైన్‌కి పుట్టుకతోనే చూపు లేదు. కేరళలో వైకం విజయలక్ష్మి ఒంటి తీగ గాయత్రీ వీణ మీద కచేరీలు చేస్తోంది, సినిమాల్లో పాడుతోంది. హార్మోనియం మెట్లు, వీణ మెట్లు వేళ్లకి తెలుస్తాయి. ఎక్కడ చెయ్యి పెడితే ఏ స్వరం పలుకుతుందో ఎవరూ చూసి చెప్పక్కర్లేదు.

కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ వీలు పోయింది. అంధులు కంప్యూటర్ వాడటానికి స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అయితే పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. చిక్కంతా ఎక్కడంటే, సంగీతం సాఫ్ట్‌వేర్లలో చాలా మీటలు ఉత్త బొమ్మలు. లోపల వాటికి పేరు రాసి ఉండదు. పేరు లేనిదాన్ని స్క్రీన్ రీడర్ ఏమని చదువుతుంది? "బటన్, బటన్, బటన్" అంటుంది, లేదా అసలు పలకదు. కొన్ని మౌస్‌తో పట్టి లాగితేనే కదులుతాయి. కంప్యూటర్‌కి తగిలించే కంట్రోలర్లదీ ఇదే తంతు. పాత మీట ఒక చివర ఆగేది కాబట్టి వేలికి లెక్క తెలిసేది. ఇప్పటి చాలా మీటలు గుండ్రంగా ఎంతసేపైనా తిరుగుతాయి. ఎంత పెరిగిందో ఓ చిన్న గాజు తెర మీద కనిపిస్తుంది. చూడలేనివాళ్ల గతేమిటి?

ఇది తీరని కష్టం కాదని తెలిసినప్పుడే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అచ్చు పుస్తకాన్ని పైకి చదివే కర్జ్‌వీల్ యంత్రాన్ని అంధ గాయకుడు స్టీవీ వండర్ 1976లోనే కొనుక్కున్నాడు. ఆ స్నేహంలోంచే 1984లో కర్జ్‌వీల్ సింథసైజర్ పుట్టింది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ కంప్లీట్ కంట్రోల్ కీబోర్డులో మీట మీద వేలు పెడితే చాలు, అదేమిటో, ఎంతలో ఉందో కంప్యూటర్ పలికి చెప్పే ఏర్పాటు ఉంది. 60 డాలర్లకి దొరికే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌కి, ఎన్‌వీడీఏ తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మొదలుపెట్టిన ఒసారా అనే ఉచిత ప్రోగ్రాం జోడిస్తే, మౌస్ ముట్టుకోకుండా రికార్డింగ్ నుంచి మిక్సింగ్ దాకా చేసుకోవచ్చు. ఎందరో వాడే ఏబుల్‌టన్ లైవ్ 2001లో వచ్చింది. దానికి స్క్రీన్ రీడర్ సాయం అందింది 2024 మార్చిలో, 12వ వెర్షన్‌తో. అంటే 22 ఏళ్లకి పైగా పట్టింది! ఆ మధ్యలో ఎంతమంది అమ్మాయిలు పాట దగ్గరే ఆగిపోయి ఉంటారు?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. అందులో ఆడవాళ్లు దాదాపు 24 లక్షలు. రోజువారీ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడుకునేలా ఉండేట్టు ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. స్టూడియో సామాన్లు రోజువారీ వస్తువులా అని అడిగేవాళ్లుంటారు. పాట మీద బతకాలనుకునే మనిషికి అవే పొయ్యీ, పెనమూ.

అడగవలసినవి పెద్ద కోరికలేం కావు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ప్రతి మీటకీ పేరు పెట్టాలి. మౌస్‌తో అయ్యే ప్రతి పనీ కీబోర్డుతోనూ అయ్యేట్టు చూడాలి. కొత్త వెర్షన్ విడుదల చేసేముందు చూపులేని సంగీతకారుల చేత వాడించి చూడాలి. లేకపోతే నిన్న పలికిన మీట ఇవాళ మూగబోతుంది. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో, అంధుల పాఠశాలల్లో గాత్రంతో పాటు రికార్డింగ్ కూడా నేర్పాలి. నగరంలో దేవనార్ లాంటి పాఠశాలల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటూనే ఉన్నారు. ఆ చేతులకి ఇంకో నాలుగు మీటలు బరువా?

ఇక మిగిలింది మనం. ఇంట్లో మగపిల్లాడికి చూపు లేకపోతే "వీడికో దారి చూపించాలి" అంటాం. ఆడపిల్లకైతే "ఎవరో ఒకరు చూసుకుంటారులే" అంటాం. ఈ రెండో మాట మానేద్దాం. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి అమ్మాయి ఉంటే, ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుందని చెప్పండి, కంప్యూటర్లో ఎక్కించి పెట్టండి. కీబోర్డు కొనబోతే ధర అడిగే ముందు "దీని మీటలు పలుకుతాయా?" అని దుకాణదారుని అడగండి. తెలియదంటే డబ్బు కట్టకముందే ఆ అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ఆమె చేతే వాడించి చూడండి.