ఈ-చలాన్: స్పీడ్ చలాన్‌లో తప్పు పడిందా? ఫైన్ కట్టే ముందు ఆ ఫొటో చూడండి!

బండి నాలుగు రోజులుగా సెల్లార్‌లోనే ఉంది. ఫోన్‌కు మాత్రం మెసేజ్ వచ్చేసింది.. ఔటర్ రింగ్ రోడ్డుపై ఓవర్ స్పీడ్, ఫైన్ కట్టండి అని. చలాన్ తెరిచి చూస్తే ఫొటోలో ఉన్నది వేరే కారు. రంగు వేరు, మోడల్ వేరు. నంబర్‌లో ఒక్క అంకె తేడా.. అంతే! ఇలాంటి చలాన్ మీకే వచ్చిందనుకోండి.. ఏం చేస్తారు?

చాలామంది కట్టేస్తారు. వెయ్యి రూపాయల కోసం స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారన్నది వాళ్ల లెక్క. ఇంకొందరు డిస్కౌంట్ కోసం చూస్తూ కూర్చుంటారు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలాన్లపై బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చింది కదా.. ఆ ధీమా.

రెండూ పొరపాటే. ఫైన్ కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఓవర్ స్పీడ్‌కు వర్తించే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం మళ్లీ దొరికితే లైసెన్స్ మీదకు వస్తుంది. చేయని తప్పుకు మొదటి గీత మీరే గీసుకోవడం ఎందుకు?

అసలు ఈ తప్పు ఎక్కడ పుడుతోంది? సిస్టమ్‌కు కారుతో పనిలేదు, నంబర్‌తోనే పని. నంబర్ కొట్టగానే ఓనర్ పేరు, ఫోన్ వచ్చేస్తాయి. 3ని 8గా చదివినా, ప్లేట్ మీద ఎవడో స్టిక్కర్ అంటించి అంకె మార్చినా చలాన్ వెళ్లేది ఆ నంబర్ ఓనర్‌కే. బండి మోడల్, రంగు ఆర్‌సీ రికార్డులో ఉంటాయి. ఫొటోతో ఒక్కసారి పోల్చి చూసి పంపితే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఆ పని చేయకుండా, తప్పు లేదని నిరూపించుకునే బాధ్యత ఓనర్ నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

రూల్స్ మాత్రం ఓనర్ వైపే ఉన్నాయి. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన 167ఏ నిబంధన ప్రకారం కెమెరా చలాన్‌లో నంబర్ ప్లేట్ కనిపించే స్పష్టమైన ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ కింద వేశారో ఉండాలి. కెమెరా ఉందని చెప్పే బోర్డు కూడా ముందే కనిపించాలి. ఫొటోలో రెండు బళ్లుంటే స్పీడ్ ఎవరిదో చూడండి. లిమిట్ ఎంత వేశారో కూడా చూసుకోండి. 2023లో ఓఆర్ఆర్‌పై గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లకు పెంచారు. కానీ అది 1, 2 లేన్లకే. 3, 4 లేన్లలో 80 దాటకూడదు.

అయితే ప్రతి తప్పూ చలాన్‌ను కొట్టేయించదు. పేరులో అక్షరం తప్పు పడినా, అడ్రస్ పాతదైనా.. బండి మీదే, స్పీడ్ నిజమే అయితే ఆ వాదన నిలబడటం కష్టం. బండి ఎప్పుడో అమ్మేశామనే వాళ్లకూ ఇదే సమస్య. ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంత కాలం చట్టం దృష్టిలో ఓనర్ మీరే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాద పరిహారం కేసులో ఇదే మాట చెప్పింది.

తప్పు నిజమైతే ముందు చలాన్, ఫొటో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ-చలాన్ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి. లేదంటే చలాన్ వేసిన ట్రాఫిక్ యూనిట్‌కు రాసివ్వండి. కథ అక్కర్లేదు. "ఫలానా నంబర్ చలాన్‌లోని ఫొటోలో ఉన్న వాహనం నాది కాదు. నా వాహనం రంగు, మోడల్ ఇవి. ఆర్‌సీ, వాహనం ఫొటోలు జత చేశాను. చలాన్ రద్దు చేయగలరు".. ఇంతే చాలు. ఆ టైమ్‌కు మీ కారు వేరే చోట టోల్ దాటి ఉంటే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా పెట్టండి, అది గట్టి ఆధారం. అక్కడ తేలకపోతే కోర్టులో సవాల్ చేయొచ్చు. లోక్ అదాలత్‌ను మాత్రం దీనికి నమ్ముకోవద్దు. అక్కడ జరిగేది రాజీ. ఫైన్ తగ్గొచ్చేమో గానీ, తప్పు మీది కాదని తేల్చడం వాళ్ల పని కాదు.

అచ్చం మీ నంబరే వేరే కారుకు తగిలించి ఉంటే అది చలాన్‌తో పోయే వ్యవహారం కాదు. రేపు ఆ కారు ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. వెంటనే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లకు హై సెక్యూరిటీ ప్లేట్ తప్పనిసరి. దాని మీద లేజర్ కోడ్ ఉంటుంది.. ఏది అసలో, ఏది నకిలీయో తేల్చడానికి పనికొస్తుంది.

అన్నట్టు, వాట్సాప్‌లో చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోవద్దు. అది ఫోన్‌లోకి దూరి ఖాతా ఖాళీ చేసే మోసం. చలాన్ నిజమో కాదో అధికారిక సైట్‌లో బండి నంబర్ కొడితే తెలిసిపోతుంది.