ఆర్వో వెనక పైపు

మా త్రిపురాంతకం వైపు చుట్టాలింటికి వెళ్తే ముందు చెప్పే మాట "ఆ నీళ్లు కాదు, క్యాన్‌లోవి తాగు". పడమటి ప్రకాశంలో బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ భయం. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్లేదు అని మన దేశ ప్రమాణం. అంతకు మించితే పళ్లకు గార, ఏళ్ల తరబడి తాగితే ఎముకలకే ఎసరు. కాబట్టి ఆర్వో మీద నాకు కోపం లేదు. నా గొడవంతా దాని వెనక పైపు మీద.

మా ఇంట్లో మిషన్ పెట్టించాక, బయటికి వదిలేసే నీళ్లు వృథా పోకూడదని అమ్మ ఆ పైపును కరివేపాకు చెట్టు మొదట్లోకి పెట్టింది. రెండో వేసవికి ఆకుల అంచులు మాడాయి. తర్వాత కొమ్మలు.

"రోజూ నీళ్లు పడతానే ఉన్నాయి కదరా, ఎట్టా ఎండింది?"

బీటెక్ మూడో ఏడు. నోరు పెగల్లేదు. జవాబు స్కూల్లో చదివిందే: ద్రవాభిసరణ. కణత్వచానికి ఏ పక్క ఉప్పు ఎక్కువుంటే నీళ్లు ఆ పక్కకే పోతాయి. మాగాయ ముక్కలకు ఉప్పు కలిపి పెడితే మూడో రోజుకు ఊటలో మునుగుతాయి. ఆ ఊట మనం పోసింది కాదు, ముక్క కణాల్లోంచి ఉప్పు లాగింది. మిరప మొదట్లో గుప్పెడు యూరియా పడితే మొక్క మాడేదీ ఇందుకే. ఉప్పు మరీ తక్కువైనా చిక్కే: ఎర్ర రక్తకణాల్ని ఒట్టి నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఊరికే పెట్టలేదు.

ఆర్వో దీన్నే ఒత్తిడి పెట్టి తిరగేస్తుంది. నీళ్లు ఇటు వస్తాయి, ఉప్పు అటే ఉండిపోతుంది. సగం నీళ్లు తీసుకుంటే మిగతా సగంలో ఉప్పు దాదాపు రెట్టింపు. మట్టిలో పడ్డాక ఎండకు నీరు ఆవిరై, ఉప్పు పొరలు పొరలుగా పేరుకుంటుంది. తడి మట్టిలోనే వేరుకు దాహం.

ఇది ఒక్క చెట్టుతో పోయే నష్టమైతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మనం వడకట్టిన ఫ్లోరైడ్ కూడా అదే పైపులోంచి అదే నేలలోకి పోతోంది. వాటర్ ప్లాంటు బోర్డు మీద మంచినీళ్ల టీడీఎస్ గొప్పగా రాస్తారు. పక్కనే వెనక పైపు టీడీఎస్ కూడా రాయమనాలి. ఆ నీళ్లు గచ్చు కడగడానికో, బాత్రూముకో పోవాలి గానీ పాదుల్లోకి కాదు. లైన్ ఫాలోయర్ రోబోలు చాలు, ఈసారి మినీ ప్రాజెక్టుగా ఈ ఉప్పు నీళ్లను ఏం చేయొచ్చో మనమే తేల్చొచ్చు.

అసలు మందు కృష్ణ నీళ్లే. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాల్లో తేవాలనుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. నాకంటే పెద్దది.

అమ్మ ఇప్పుడు పైపు కింద బకెట్ పెట్టింది. కరివేపాకు మాత్రం పక్కింటి అత్తను అడిగి తెచ్చుకుంటున్నాం.