ఫైర్ వాచర్ పనంటే చులకనా? ఒక్క సీజన్ చేసి మాట్లాడండి

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

మొన్న రచ్చబండ దగ్గర ఒకాయన నలుగురిలో అడిగాడు. "ఏం బావా, ఐదెకరాల ఆసామివి, ఈ ఏడు కూడా ఫారెస్టోళ్ళ కింద మంటలార్పే కూలికి పోతన్నావంట?" అందరూ నవ్వారు. నేను అక్కడ ఏం మాట్లాడలేదు. జవాబు ఇక్కడ రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్పుకుంటా. ఎనిమిదేళ్ళ కిందట మార్చిలో నా చేలో పత్తికట్టె కుప్పేసి అగ్గిపుల్ల గీశా. మిట్టమధ్యాహ్నం. పక్కనే నల్లమల కొండ. గాలి తిరిగింది, గట్టు మీద ఎండుగడ్డి అంటుకుంది, చూస్తుండగానే మంట కొండెక్కింది. రెండు రాత్రులు కాలింది. ఊళ్ళో ఎవరూ నా పేరు చెప్పలేదు. "మేకలోళ్ళు పెట్టుంటార్లే" అన్నారు. నేనూ నోరు మూసుకున్నా. ఆ మంట ఆర్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ మేకలోళ్ళ పిల్లలూ, చెంచు గూడెం కుర్రాళ్ళూ. అందులో ఒకడు హవాయి చెప్పులతో వచ్చి పాదం కాల్చుకున్నాడు. నెల రోజులు వాడు కుంటుతూ మా వీధిలో నడిచాడు. ఆ నెల రోజులూ నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

అందుకే రెండేళ్ళుగా ఆ పనికి పోతున్నా. ఇక మీ మాటలకొస్తా.

"అడవి గవర్నమెంటుది, కాలితే మనకేంటి" అంటారు. అడవి గవర్నమెంటుదే. కానీ ఆ కొండ మీద పడ్డ వాన ఎవరి కుంటలోకి వస్తుంది? ఆకు, అలము, గడ్డి ఉంటే వాన నీళ్ళు నింపాదిగా ఇంకుతాయి. కాలిన వాలు మీద తొలి వాన పడితే బూడిదా, మన్నూ కలిసి బురదలా దిగుతుంది. మా కుంటలో పూడిక ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు, ఎగువన కొండ చూస్తే చాలు. కొండ మీద మేత కాలిపోతే దుప్పులూ పందులూ ఎక్కడికి పోతాయి? మన చేలోకే. కంది పాడు చేశాయని మళ్ళీ మనమే అరుస్తాం.

"కాలిస్తే కొత్త గడ్డి వస్తుంది" అంటారు. వస్తుంది, కాదనను. దాంతోపాటు ఆ ఏడు మొలిచిన నారేప, మద్ది, వేగిస మొక్కలన్నీ పోతాయి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. పెద్ద చెట్టు తట్టుకుంటుంది, పిల్ల మొక్క తట్టుకోదు. ఇలా ఏటా కాలిస్తే మన మనవళ్ళకి ఇప్పచెట్టు ఉంటుందా? కింద ఆకులు ఊడ్చి పాత చీరో పట్టానో పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. తునికి కూడా అంతే. తుప్పలు కొట్టేస్తే లేత చిగురు వస్తుంది, నిప్పు పెట్టనక్కర్లేదు. మన అడవుల్లో దానంతటదే పుట్టే మంట లేనట్టే. ఎవడో ఒకడు బీడీ పారేస్తాడు, ఎవడో ఒకడు నాలాగా చేను కాలుస్తాడు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. చట్టం పట్టుకోలేదు కాబట్టి నేను బయట ఉన్నా, అంతే.

"కూలి పని" అంటారా? ఒకసారి వచ్చి చూడండి. సంక్రాంతికి అటూ ఇటూ ఫైర్ లైన్లు గీకాలి. అంటే అడవిలో బాటలాగా గడ్డీ ఆకూ లేకుండా నేల శుభ్రం చేయాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా కాపలా. డెహ్రాడూన్‌లో ఉన్న ఫారెస్ట్ సర్వే వాళ్ళు ఉపగ్రహం చూసిన మంటల్ని ఫోనుకి మెసేజ్ పంపుతారు. అది మనలాంటి వాళ్ళు కూడా నమోదు చేసుకోవచ్చు. కానీ ఉపగ్రహం రోజుకి కొన్నిసార్లే పైనుంచి పోతుంది. పొగని ముందు చూసేది మనిషే.

మంట దగ్గర తెలివి కావాలి. మంట ఎగువకి పరిగెత్తుతుంది, కాబట్టి దానికి పైన ఎప్పుడూ నిలబడకూడదు. ఎదురు పోకూడదు, వెనక నుంచి, పక్కల నుంచి కొట్టుకుంటూ పోవాలి. గాలి మారితే అప్పటికే కాలి నల్లబడ్డ చోటికి పోవాలి. నూలు బట్టలే వేసుకోవాలి, పాలిస్టరు కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆరిపోయిందనుకున్నాక కూడా మొద్దులు లోపల రాజుకుంటూ ఉంటాయి, వాటి దగ్గర కూర్చోవాలి. 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిశూర్ జిల్లాలో ముగ్గురు వాచర్లు మంటల్లో పోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్‌లో ఆర్పడానికి వెళ్ళిన నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. ఇది నవ్వే పనా?

ఇప్పుడు రెండో వైపు. ఫారెస్టోళ్ళని నేను వెనకేసుకు రావడం లేదు. మొదటి ఏడు నేను మూడు నెలలు చేస్తే, డబ్బులు ఖాతాలో పడింది వినాయక చవితికి. అప్పటికి మిరప నారు కోసం అప్పు చేసి వడ్డీ కడుతున్నా. బూట్లు అడిగితే "వస్తాయి" అన్నారు, సీజన్ అయిపోయింది కానీ అవి రాలేదు. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో కాగితం మీద లేదు. అందరూ పొగిడే ఈ పనికి ఇదీ మర్యాద. చెంచోళ్ళయితే అడగరని, రైతులైతే రారని వాళ్ళకి తెలుసు. అందుకే ఇలా సాగుతోంది.

అందుకే నేననేది ఒకటే. రండి, కానీ ఉత్త చేతుల్తో రాకండి. పదిమంది రైతులం కలిసి పోయి అడుగుదాం. మస్టర్‌లో పేరు రాయాలి. జీతం నెలనెలా ఖాతాలో పడాలి. బూట్లు, నీళ్ళ క్యాను, టార్చి ముందే ఇవ్వాలి. బీమా కాగితం చేతికివ్వాలి. ఒక్కడు అడిగితే "రేపు రా" అంటారు. పదిమంది అడిగితే కుర్చీ వేస్తారు. మనం అడిగితే ఆ గూడెం కుర్రాళ్ళకీ వస్తాయి, అది వాళ్ళకి మనం బాకీ.

పనికి రాలేనంటారా, సరే. ఈ మార్చిలో పత్తికట్టె, కందికంప కాల్చకండి. రోటవేటర్‌తో దున్నించండి, లేదా వంటచెరుకుకి ఇవ్వండి. అదీ కుదరకపోతే కొండ వైపు గట్టు మీద రెండు బారల వెడల్పున గడ్డి చెక్కించండి. మధ్యాహ్నం పూట అగ్గిపెట్టె జేబులోంచి తీయకండి.

పాదం కాలిన కుర్రాడు నిరుడు నాతోపాటే పనిచేశాడు. వాడికి నిజం చెప్పా. కాసేపు నా మొహం చూసి, "నాకు అప్పుడే తెలుసు పెద్దాయనా" అన్నాడు. ఎనిమిదేళ్ళు తెలిసి కూడా ఏమీ అనలేదు. ఆ మాట విన్నాక రచ్చబండ దగ్గర నవ్వు నాకు లెక్కలేదు.

ఈ సంక్రాంతి తర్వాత ఎవరెవరు వస్తారో కింద పేరు రాయండి. అందరం కలిసే పోదాం.